జోడు కుదిరిన కుందేళ్లకు కొత్త ఇల్లు చూడడం: మొదటి పరీక్ష నుంచి మూడో నెల దాకా

ఆపదలోంచి బయటపడిన కుందేళ్లు చేతికి వచ్చినప్పుడు వాటికి గడ్డి వేసి నీళ్లు పెట్టడం వరకు ఎవరైనా చేయగలరు. వాటిని మరొక ఇంటికి అప్పగించడం అంత తేలిక కాదు. అందులోనూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని బతికే జంటను అప్పగించడం మరింత జాగ్రత్త కోరే పని. కుందేలు స్వభావరీత్యా తోడు కోరుకునే జీవి. సరిగ్గా చూసుకుంటే 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది కనుక, మీరు వెతికేది ఆ రెండూ కలిసి ముసలివయ్యేదాకా ఉండగలిగే ఇల్లు.

ఈ పనిలో నేను పాటించే నియమం ఒక్కటే: జంటను రెండు జంతువులుగా కాక ఒక్క లెక్కగానే చూస్తాను. వైద్యుడి దగ్గరికి వెళ్లినా, ఫొటో తీసినా, ఒప్పందం రాసుకున్నా, చివరికి ఆ ఇల్లు కుదరక వెనక్కి వచ్చినా రెండూ కలిసే కదలాలి. కింది అడుగులన్నీ ఈ నియమం మీదే నడుస్తాయి. పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స కూడా చేయించాల్సి ఉంటే మొత్తం పనికి రెండు మూడు నెలలు పడుతుందని ముందే అనుకుని మొదలుపెట్టడం మంచిది.

మొదటి అడుగు: జోడు నిజంగా కుదిరిందో లేదో గమనించడం

ఒకే పెట్టెలో దొరికినంత మాత్రాన రెండు కుందేళ్లు జంట అయిపోవు. ఇరుకు పంజరంలో గత్యంతరం లేక పక్కపక్కనే బతికినవి, కాళ్లు చాపుకునే చోటు దొరకగానే ఒకదాని మీద ఒకటి పడి కరుచుకోవచ్చు. భయపడిన కుందేళ్లు కూడా ఒక మూలకు చేరి ఒకదానికొకటి ఒత్తుకుని కూర్చుంటాయి. చూసేవారికి అది స్నేహంలాగే కనిపిస్తుంది. అందువల్ల మొదటి మూడు నాలుగు రోజుల్లో కనిపించినదాన్ని బట్టి ఏమీ తేల్చకుండా కనీసం రెండు వారాలు చూడాలి. మీ ఇంట్లో ఇతర కుందేళ్లు ఉంటే అంటువ్యాధుల భయంతో ఎలాగూ ఈ 14 రోజులూ కొత్తవాటిని వేరే గదిలో ఉంచాల్సిందే కాబట్టి ఆ సమయం వృథా పోదు.

కుందేళ్లు తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడే వేళ చురుగ్గా ఉంటాయి. ఆ సమయాల్లో దూరంగా, నేల మీద కూర్చుని చూడండి. గడ్డిని రెండు చోట్ల వేసినా ఒకే కుప్ప దగ్గర తింటున్నాయా, గదిలో బోలెడు చోటు ఉన్నా పక్కపక్కనే ఒళ్లు చాచి పడుకుంటున్నాయా, ఒకటి మరొకదాని ముఖం నాకుతోందా అన్నవి ముఖ్యం. నా దగ్గర కొన్నాళ్లున్న ఒక జంటలో ఆడది బూడిద రంగుది, మగది తెల్లది. సాయంత్రం మేత ముగిశాక ఆడది తాపీగా నడిచి వచ్చి, మగదాని గడ్డం కిందకి తల దూర్చి, చుబుకం నేలకు ఆనించి కదలకుండా ఉండేది. మగది ఆలస్యం చేస్తే మోరతో ఒక పోటు పొడిచి మళ్లీ తల వాల్చేది. అప్పుడు మగది దాని కళ్ల చుట్టూ, చెవుల మొదళ్ల దగ్గర ఓపికగా నాకుతుంటే, ఆడది పళ్లను మెల్లగా ఆడించేది. దగ్గరగా చెవి పెడితే తప్ప వినబడని ఆ చప్పుడు హాయికి గుర్తు. అదే చప్పుడు దూరానికి వినబడేంత గట్టిగా ఉండి, కుందేలు ముడుచుకుని కూర్చుంటే అది నొప్పికి గుర్తు.

అప్పుడప్పుడు కాస్త తరుముకోవడం, ఒకటి మరొకదాని మీదకు ఎక్కడం పెత్తనం తేల్చుకునే వ్యవహారాలే తప్ప శత్రుత్వం కాదు. బొచ్చు కుచ్చులు కుచ్చులుగా రాలుతున్నా, చెవుల మీద, పిరుదుల మీద గాట్లు కనిపిస్తున్నా, ఒకటి మేత దగ్గరకు రావడానికే జంకుతున్నా ఆ జోడు కుదరలేదని అర్థం. అలాంటివాటిని బలవంతంగా జంటగా ప్రకటించడం కంటే విడివిడిగా తగిన తోడు చూడడమే మేలు. ఇంకా ఎదగని తోబుట్టువుల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. మూడు నెలల వయసులో ముద్దుగా కలిసి పడుకునే పిల్లలు యుక్తవయసు రాగానే కొట్లాటకు దిగవచ్చు. శస్త్రచికిత్స అయి కొన్ని వారాలు గడిచాకే వాటి స్నేహం నిలుస్తుందో లేదో తేలుతుంది.

రెండో అడుగు: మగదో ఆడదో తేల్చుకుని శస్త్రచికిత్స చేయించడం

ఈ విషయంలో ఎవరి మాటా నమ్మకండి. రెండూ ఆడవేనని చెప్పి నాకు అప్పగించిన ఒక జంటను నేను మళ్లీ పరీక్ష చేయించకుండా అలాగే ఉంచాను. నాలుగో వారం గడుస్తుండగా వాటిలో ఒకటి నోటినిండా గడ్డి పట్టుకుని మూలకు మోయడం, తన పొట్ట మీది బొచ్చు పీకి ఆ గడ్డిలో పరచడం మొదలుపెట్టింది. మరునాటి ఉదయానికి ఆ గూటిలో కళ్లు తెరవని ఐదు పిల్లలు కదులుతున్నాయి. తప్పు నాదే. చిన్న వయసులో ఆడ మగ తేడా పట్టుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. పెద్ద మగ కుందేలు కూడా భయపడితే వృషణాలను పొట్టలోకి లాక్కోగలదు కాబట్టి పైపైన చూసి మోసపోవడం సహజం. కుందేళ్లను తరచుగా చూసే పశువైద్యుడి చేతనే తేల్చుకోవాలి.

కుందేలు సుమారు 31 రోజులకు ఈనుతుంది. ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ చూలు కట్టగలదు కాబట్టి ఒక్క తప్పు రెండు నెలల్లో రెండు ఈతలకు దారితీస్తుంది. మగదానికి ఆపరేషన్ చేయించిన వెంటనే ప్రమాదం తప్పిపోయిందనుకోవడం మరో పొరపాటు. ఆపరేషన్ తరువాత కూడా దాదాపు ఆరు వారాల వరకు దానికి పిల్లలను పుట్టించే శక్తి మిగిలి ఉండవచ్చు. ఆడదానికి ఆపరేషన్ కాకుండా ఉంటే ఆ ఆరు వారాలూ వాటిని వేరుగా ఉంచక తప్పదు. అలాంటప్పుడు రెండు ఆవరణలను పక్కపక్కనే పెట్టి, మధ్యలో కొద్ది ఎడంతో రెండు వరసల జాలీ కట్టండి. ఒకదాన్నొకటి చూసుకుంటాయి, వాసన పట్టుకుంటాయి, కాని కరుచుకోలేవు. రోజు విడిచి రోజు ఒకదాని ఆవరణలోకి రెండోదాన్ని మార్చితే పరాయి వాసన అన్న భావన రాదు.

రెండింటికీ ఆపరేషన్ చేయించడమే సరైన పని. పిల్లల బెడద తప్పడంతో పాటు జోడు నిలవడానికి కూడా అదే ముఖ్య కారణం. పైగా ఆపరేషన్ కాని ఆడ కుందేళ్లలో వయసు పైబడే కొద్దీ గర్భాశయ క్యాన్సర్ చాలా తరచుగా వస్తుంది. వీలైతే రెండింటినీ ఒకే రోజు, ఒకే క్యారియర్‌లో (మోసుకెళ్లే పెట్టెలో) తీసుకెళ్లండి. ఒకదానికే చేయాల్సి వచ్చినా రెండోదాన్ని వెంట తీసుకెళ్లడం మంచిది, ఎందుకంటే ఆసుపత్రి వాసనతో ఒంటరిగా తిరిగివచ్చిన కుందేలును ఇంట్లో ఉన్నది గుర్తుపట్టక మీదపడే ప్రమాదం ఉంది. ముందు రోజు రాత్రి నుంచి పస్తు పెట్టమని ఎవరైనా చెబితే మరోసారి అడిగి చూడండి. కుందేలు వాంతి చేసుకోలేదు; దానికి పస్తు వల్ల కలిగే మేలు లేకపోగా పేగుల కదలిక మందగించే ప్రమాదం ఉంది. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ వైద్యుడికి కుందేళ్లతో ఎంత పరిచయం ఉందో మీకే తెలిసిపోతుంది.

మూడో అడుగు: ఆరోగ్యం లెక్క తేల్చడం

కుందేలు తన బాధను దాచుకునే జంతువు. వేటాడే జంతువుల కంట బలహీనంగా కనిపించకూడదన్న సహజ స్వభావం వల్ల, జబ్బు బయటికి కనిపించేసరికి అది ముదిరి ఉంటుంది. అందుకే వైద్య పరీక్షతో పాటు వారానికి ఒకసారి రెండింటినీ వేర్వేరుగా తూచి రాసిపెట్టండి. తేడా అన్నిటికంటే ముందు తూకంలోనే బయటపడుతుంది.

పరీక్షలో పళ్లు తప్పనిసరి. కుందేలుకు ఉండే 28 పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల వరకు పెరుగుతాయి. దవడ పళ్లు కొక్కేల్లా పెరిగి బుగ్గకు గుచ్చుకుంటున్న కుందేలు గడ్డి మానేసి మెత్తని పదార్థాలే ఏరుకుంటుంది, గడ్డం తడిగా ఉంటుంది. అలాంటి సమస్య ఉంటే కొత్త ఇంటివారికి అది జీవితాంతం ఖర్చు అని దాచకుండా చెప్పాలి. ముంగాళ్ల లోపలి వైపు బొచ్చు అట్టకట్టి ఉంటే ముక్కు కారుతోందని, మెడ వెనుక తెల్లటి పొట్టు రాలుతుంటే బొచ్చులో పురుగులు ఉన్నాయని అనుమానించండి. తల ఒక పక్కకు వాలడం, వెనుక కాళ్లు తడబడడం ఎన్సెఫాలిటోజూన్ అనే సూక్ష్మజీవి వల్ల కావచ్చు. మూత్రం ద్వారా వ్యాపించేది కాబట్టి ఒకదానిలో కనిపిస్తే రెండోదాన్నీ పరీక్షించి, వైద్యుడు చెప్పినట్టు రెండింటికీ కలిపే చికిత్స చేయించడం సబబు.

రెండు మందుల విషయంలో కచ్చితంగా ఉండాలి. ఒంటి మీది పురుగులు పోవడానికి కుక్కలకు వాడే ఫిప్రోనిల్ చుక్కలు కుందేళ్లకు విషం. నోటి ద్వారా ఇచ్చే పెనిసిలిన్, అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్ మందులు వాటి పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణం మీదకు తెస్తాయి. ఈ మాటను అప్పగింత కాగితంలో కూడా రాయండి. టీకాల విషయానికి వస్తే, 1984లో చైనాలో మొదట గుర్తించిన రక్తస్రావ వ్యాధి, 2010లో ఫ్రాన్స్‌లో బయటపడిన దాని రెండో రకం, దోమలూ ఈగలూ గోమారులూ వ్యాపింపజేసే మిక్సొమటోసిస్ అనే వ్యాధి ఉన్న కొన్ని ప్రాంతాల్లో టీకాలు దొరుకుతాయి. మీ దగ్గర ఏవి అవసరమో వైద్యుడే చెప్పాలి.

నాలుగో అడుగు: జంట చరిత్ర రాసి ప్రకటించడం

రెండు పుటలు చాలు. రోజూ ఏం తింటాయో, ఎంత తింటాయో, లిట్టర్ ట్రేలో (అవి మలమూత్రాలు వదిలే పళ్లెంలో) ఏ పదార్థం పరుస్తున్నారో, ఏ చప్పుడుకు బెదురుతాయో, రెండింటిలో పెత్తనం దేనిదో అందులో ఉండాలి. మేతలో సింహభాగం ఎండుగడ్డిదే కావాలి. అది ఎప్పుడూ ఎదురుగా ఉండాలి. దానికి తోడు గుప్పెడు ఆకుకూరలు, శరీర బరువులో కిలోకు రోజుకు సుమారు 25 గ్రాముల పెల్లెట్లు (కుందేళ్ల మేత గుళికలు). క్యారెట్టు, పండ్లు తీపి పదార్థాలు కాబట్టి రుచికి మాత్రమే. మీరు పెడుతున్నది ఇంతకంటే భిన్నంగా ఉంటే, కొత్త ఇంటికి పంపేలోపే వారం పది రోజుల్లో నెమ్మదిగా మార్చండి. ఇల్లూ మేతా ఒకేసారి మారడం వాటి పేగులకు మంచిది కాదు.

స్వభావం రాసేటప్పుడు విశేషణాలు వద్దు. ‘చాలా మంచివి, ముద్దుగా ఉంటాయి’ అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. ‘ఎత్తుకుంటే తెల్లది వెనుక కాళ్లతో తన్నుతుంది, నేల మీద పుస్తకం పట్టుకుని కూర్చుంటే పది నిమిషాల్లో తానే వచ్చి మోకాలు వాసన చూస్తుంది’ అన్న వాక్యం చదివి ముందుకు వచ్చేవారు మీకు కావలసినవారు. ఆ వాక్యం చదివి ఆగిపోయినవారు ఆగిపోవడమూ మంచిదే.

ప్రకటనలో మొదటి వాక్యమే రెండింటినీ కలిపి మాత్రమే ఇస్తామని స్పష్టం చేయాలి. ఫొటోల్లో రెండూ ఒకే చిత్రంలో కనిపించాలి. విడివిడి ఫొటోలు పెడితే ‘ఆ తెల్లది ఒక్కటి ఇస్తారా’ అన్న సందేశాలకు మీరే ఆహ్వానం పలికినట్టు. ‘ఉచితం’ అన్న మాట వాడకండి. ఉచితంగా దొరికే కుందేళ్లను మాంసానికో, పెంపుడు పాములకు ఆహారంగానో, పిల్లలు పెట్టించడానికో తీసుకుపోయేవారు ఉంటారు. ఆపరేషన్ ఖర్చులో కొంత భాగమైనా రుసుముగా తీసుకుంటే అలాంటివారిలో చాలామంది అక్కడే తప్పుకుంటారు.

ఐదో అడుగు: అడిగినవారితో మాట్లాడడం

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ప్రశ్నలను ‘అవును’ అని తప్పించుకోవడానికి వీల్లేకుండా అడగండి. ‘చోటు ఉందా’ అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ‘రాత్రి పూట అవి ఎక్కడ ఉంటాయి, ఆ చోటు ఫొటో పంపగలరా’ అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. రెండు కుందేళ్లకు సుమారు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న నేల, వెనుక కాళ్ల మీద నిలబడినా చెవులు తగలని 1 మీటరు ఎత్తు ఉండాలన్నది నేను పట్టుబట్టే కొలత. అందులోకి రాత్రింబవళ్లు వాటంతట అవి వచ్చిపోగలగాలి. అందంగా కనిపించే చిన్న చెక్క పంజరం పడక గదిగా మాత్రమే పనికివస్తుంది.

వేడి గురించి తప్పక అడగండి. కుందేలు చెమట ద్వారా ఒళ్లు చల్లబరచుకోలేదు. చాలా వరకు చెవుల్లోని రక్తనాళాల ద్వారానే వేడిని వదులుకోవాలి. గది ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటుతున్నప్పుడే వాటికి ఇబ్బంది మొదలవుతుంది కాబట్టి, ఎండ రోజుల్లో ఏ గదిలో ఉంచుతారో, గాలి ఎలా వస్తుందో, మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారో చెప్పలేనివారి జవాబు అసంపూర్ణమే. కుందేళ్లను చూసే పశువైద్యుడు ఎంత దూరంలో ఉన్నాడో ముందే కనుక్కుని రమ్మనండి. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి, ఇంట్లో ఎవరికైనా ఎండుగడ్డి ధూళి పడకపోవడం, ఊరు వెళ్లినప్పుడు ఎవరు చూస్తారన్నది కూడా అడగాలి. కుటుంబంలో పెద్దలందరితో ఒక్కసారైనా మాట్లాడితే మంచిది. ఒకరి ఉత్సాహం మీద వెళ్లిన జంతువులే ఎక్కువగా తిరిగి వస్తాయి.

‘ఒకటి చాలు, రెండు ఎక్కువ’ అనేవారు ఎదురవుతారు. వారిని మందలించకుండా లెక్క చెప్పండి. కావలసిన చోటు, శుభ్రం చేసే శ్రమ ఒకదానికి పట్టేదానికంటే అంత ఎక్కువేమీ కాదు. ఒంటరి కుందేలుకు రోజూ గంటల తరబడి తోడు కూర్చోవలసిన భారం తప్పుతుంది. వైద్యం ఖర్చు మాత్రం కచ్చితంగా రెండింతలే. దాన్ని తగ్గించి చెప్పకూడదు. అప్పటికీ ఒకటే కావాలంటే మర్యాదగా కాదనండి.

ఇంట్లో ఇప్పటికే ఒక కుందేలు ఉండి, దానికి తోడుగా ఈ జంటను అడిగేవారి విషయం మరింత చిక్కు. మూడోది రావడంతో ఉన్న జోడు చెడిపోయి మూడూ విడివిడిగా ఉంచాల్సిన పరిస్థితి రావచ్చు. కొత్త కుందేళ్లను కలపడంలో బాగా అనుభవం ఉన్నవారికి తప్ప నేను అలా ఇవ్వను. గినీ పిగ్‌తో కలిపి ఉంచుతామనేవారికీ ఇవ్వకూడదు. కుందేలు కాలితో తన్నితే దానికి గాయం కావచ్చు, కుందేలులో ఏ లక్షణమూ చూపని బోర్డెటెల్లా బాక్టీరియా గినీ పిగ్‌కు ప్రాణాంతకం కాగలదు. పసిపిల్లలున్న ఇంటికి ఇవ్వకూడదని నేను అనను. అయితే కుందేళ్లు పిల్లలవి కాక పెద్దలవి అయి ఉండాలి, పిల్లలు వాటిని ఎత్తుకోకుండా నేల మీద కూర్చునే అలవాటు చేసుకోవాలి.

మీరు అడిగే ప్రశ్నలకంటే వారు అడిగే ప్రశ్నలు ఎక్కువ చెబుతాయి. ఏం తింటాయి, గోళ్లు ఎలా కత్తిరించాలి, తీగలు కొరుకుతాయట కదా అని అడిగేవారు అప్పటికే ఆ కుందేళ్లు తమ ఇంట్లో తిరుగుతున్నట్టు ఊహించుకుంటున్నారు. రంగు గురించీ జాతి గురించీ మాత్రమే అడిగేవారి విషయంలో నేను ఇంకో వారం ఆగుతాను.

ఆరో అడుగు: కలుసుకోవడం, ఇల్లు చూడడం

మొదటి కలయిక మీ దగ్గరే, కుందేళ్లకు అలవాటైన చోటే జరగాలి. వచ్చినవారిని నేల మీద కూర్చోబెట్టి, చేయి చాపకుండా అరగంట ఊరికే ఉండమనండి. ఆ తరువాత ఎత్తుకునే పద్ధతి చూపించండి: ఒక చేయి రొమ్ము కింద, రెండో చేయి పిరుదుల కింద, కుందేలు ఒంటికి ఆనుకుని ఉండేలా. వెనుక భాగానికి ఆసరా లేకుండా పైకెత్తితే అది గింజుకుని తన్నే తన్నుకు దాని వెన్నెముకే విరగవచ్చు. కుందేలును వెల్లకిలా తిప్పితే కదలకుండా పడి ఉండడం హాయి అనుకుని వీడియోలు తీసేవారు ఉన్నారు. అది వేటాడే జంతువు నోటికి చిక్కినప్పుడు ప్రాణభయంతో బిగుసుకుపోయే స్థితి. ఆ అలవాటు వారికి ఉంటే అక్కడే మాన్పించాలి.

రెండోసారి మీరు వారింటికి వెళ్లండి, కుదరకపోతే వీడియో ద్వారా చూడండి. కుందేలు కళ్ల ఎత్తులో చూడాలి కాబట్టి ఫోను నేలకు దగ్గరగా పట్టుకోమనండి. కరెంటు తీగలు, లిల్లీ వంటి విషపు మొక్కలు, పిల్లి దూకగల కిటికీ, నున్నటి నేల అన్నీ అక్కడి నుంచే కనిపిస్తాయి.

ఏడో అడుగు: ఒప్పందం

ఒక పుటలో సులభమైన మాటల్లో రాసుకోండి. రెండింటినీ విడదీయకూడదు, పిల్లలు పెట్టించకూడదు, మీకు చెప్పకుండా మూడోవారికి ఇవ్వకూడదు, ఎప్పుడైనా ఏ కారణంతోనైనా ఉంచుకోలేకపోతే రెండింటినీ కలిపి మీకే తిరిగి అప్పగించాలి. వెనక్కి తెచ్చినవారిని నిలదీయబోమని కూడా అందులోనే రాయండి. ఆ భరోసా లేకపోతే మొహమాటపడి ఎక్కడో వదిలేసేవారు ఉంటారు. గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉంటే యజమాని వివరాలు మార్పించడం, వైద్య పత్రాల నకళ్లు ఇవ్వడం అప్పుడే ముగించండి.

ఎనిమిదో అడుగు: ప్రయాణం

రెండూ ఒకే క్యారియర్‌లో వెళ్లాలి. అది గట్టి గోడలు కలిగి, రెండూ పడుకుని పక్కకు తిరగగలిగేంత పెద్దదిగా ఉండాలి. అడుగున కాళ్లు జారని తువ్వాలు, దాని మీద గడ్డి, తడి ఆకులు కొన్ని. వాహనంలో ఊగకుండా బిగించి, పైన పలుచని గుడ్డ కప్పి, గాలి ఆడేలా చూడండి. చల్లటి వేళలోనే బయలుదేరండి. ఆగిన వాహనంలో ఒక్క నిమిషం కూడా వాటిని వదిలి వెళ్లకూడదు.

సామాను మూటలో తప్పక ఉండాల్సినవి రెండు: ఉతకని పాత గుడ్డ, వాడిన లిట్టర్ గుప్పెడు. శుభ్రంగా ఉతికి మడతపెట్టి ఇవ్వాలని మనసు లాగుతుంది, కాని కొత్త ఇంట్లో అవి ఒకదాన్నొకటి తమదిగా గుర్తించడానికి ఆ పాత వాసనే ఆధారం. రెండు వారాలకు సరిపడా అవే పెల్లెట్లు, అదే గడ్డి కూడా ఇవ్వండి.

తొమ్మిదో అడుగు: మొదటి వారం

మొదటి రోజు ఇల్లంతా తిప్పనివ్వకూడదు. మీ దగ్గర ఎంత చోటులో ఉన్నాయో దాదాపు అంతే ఆవరణలో, రెండు ద్వారాలున్న దాగుడు పెట్టెతో, పాత గుడ్డతో మొదలుపెట్టమనండి. ఒకే ద్వారం ఉన్న పెట్టెలో ఒకటి దూరితే రెండోది దారికి అడ్డుపడి గొడవకు కారణం కావచ్చు. అవి తింటున్నాయో లేదో చూడడమే ఆ రోజు పని. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకు 200 నుంచి 300 గుండ్రటి పొడి పెంటికలు వేస్తుంది. ట్రేలో అవి తగ్గినా, చిన్నవైపోయినా జాగ్రత్త పడాలి. 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. జంటలో ఈ చిక్కు ఒకటి ఉంది: ట్రే ఒకటే కాబట్టి పెంటికలు ఏవి దేనివో తెలియదు. అందుకే రోజుకు రెండుసార్లు చేతితో ఒక్కో ఆకు అందించి రెండూ తీసుకుంటున్నాయా అని విడివిడిగా చూడమనండి. వేకువ వేళల్లో మెత్తగా, గుత్తిగా, మెరుస్తూ వచ్చేవాటిని కుందేలు నేరుగా నోటితో అందుకుని తింటుంది. అది రోగం కాదని కొత్తవారికి ముందే చెప్పకపోతే మీకు కంగారుగా ఫోను వస్తుంది.

స్థలం మారడంతో ఎంత పాత జోడైనా మళ్లీ పెత్తనం తేల్చుకోవడానికి చూడవచ్చు. తరుముకోవడం, ఎక్కడం ఒకటి రెండు రోజులు కనిపించినా, మధ్యమధ్య పక్కపక్కనే కూర్చుంటుంటే కలగజేసుకోవద్దు. చక్రంలా తిరుగుతూ కరుచుకుంటే మాత్రం వట్టి చేతులు పెట్టకుండా మందపాటి తువ్వాలు వేసి విడదీసి, గాయాలు చూసి, జాలీకి అటూ ఇటూ ఉంచి వెంటనే మీకు చెప్పమనండి. రెండూ ఒళ్లు చాచి పడుకోవడం మొదలయ్యాకే చోటు పెంచాలి. కొన్నింటికి అది నాలుగో రోజు, కొన్నింటికి మూడో వారం.

పదో అడుగు: మూడు నెలల వరకు వెన్నంటి ఉండడం

మరునాడు, మూడో రోజు, వారం తరువాత, నెలకు, మూడు నెలలకు పలకరించండి. ‘బాగున్నాయా’ అని అడగకుండా తూకం ఎంత, నిన్న ఏం తిన్నాయి, ఎక్కడ పడుకుంటున్నాయి అని అడగండి. ఫొటో అడిగినప్పుడు ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే తీసి పంపమనండి. రెండూ ఎప్పుడూ వేర్వేరు మూలల్లోనే కనిపిస్తుంటే వివరంగా మాట్లాడాలి.

ఎప్పటికో ఒకప్పుడు వాటిలో ఒకటి ముందుగా పోతుంది. ఆ మాట అప్పగింత రోజునే చెప్పి ఉంచడం బాగుంటుంది. అంటువ్యాధి అనుమానం లేనప్పుడు చనిపోయినదాన్ని కొన్ని గంటలు రెండోదాని దగ్గరే ఉంచితే, అది వాసన చూసి, చుట్టూ తిరిగి, చివరకు పక్కకు తప్పుకుంటుంది. లేకపోతే రోజుల తరబడి వెతుకుతుంది. మిగిలినది మేత మానేసే ప్రమాదం ఉంది కాబట్టి ఆ వారమంతా తూకం, పెంటికలు చూడాలి. దానికి కొత్త తోడు చూడాలా, తోడున్న చోటుకు పంపాలా అన్నది అప్పుడు మీరూ వారూ కలిసి నిర్ణయించుకోవచ్చు.

ఇక జంట తిరిగి వచ్చేస్తే, అదే క్యారియర్‌లో, అదే ఉతకని గుడ్డతో రెండింటినీ కలిపి తీసుకురమ్మనండి. వచ్చిన రోజునే తూచి, పాత పుటలో పక్క గడిలో ఆ అంకెలు రాసి, మళ్లీ రెండు వారాలు వేరే గదిలో ఉంచి మొదటి అడుగు నుంచి మొదలుపెట్టండి. ఆ ఇంటివారు గమనించిన కొత్త అలవాట్లను అడిగి రాసుకుంటే, తరువాత వచ్చేవారికి ఇచ్చే చరిత్ర మొదటిదానికంటే మెరుగ్గా ఉంటుంది.